మెయిన్ వాల్వ్ తిరుగుతోందా? ఇంటి పైపులు పాడవకముందే చూసుకోవాల్సినవి

ఈ ఎపిసోడ్‌లో ఏ కంపెనీ కుళాయి మంచిది, ఏ ట్యాంకు కొనాలి అన్న మాటలు లేవు. మీ ఇంట్లో ఇప్పటికే ఉన్న పైపులు, కుళాయిలు, మోటారు, ట్యాంకు మీరే ఎలా చూసుకోవాలి, చూసుకోకపోతే డబ్బు ఎక్కడ పోతుంది, అదే మాట్లాడుకుందాం. నేను విజయనగరం, శ్రీకాకుళం, మధ్యలో చీపురుపల్లి, రాజాం, పొందూరు, ఈ చుట్టుపక్కలంతా 20 ఏళ్లకు పైగా ప్లంబింగ్ పని చేస్తున్నాను. నాకొచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం "మేస్త్రీ గారూ, అర్జెంటు, ఇల్లంతా నీళ్లు" అనేవే. వెళ్లి చూస్తే, ఆర్నెల్ల ముందు పది రూపాయల వాషర్‌తో పోయే పని అది.

ముందుగా ఒక చిన్న పని. ఇప్పుడే వీడియో ఆపేసి మేడ మీదకెళ్లండి. ట్యాంకు నుంచి ఇంట్లోకి దిగే పైపు మీద ఒక వాల్వ్ ఉంటుంది. దాన్ని చేత్తో తిప్పి చూడండి. పూర్తిగా మూసుకుందా? మూసిన తర్వాత కింద కుళాయి విప్పితే, పైపులో మిగిలిన నాలుగు నీళ్లూ వచ్చి ఆగిపోయాయా? ఆగితే మీ ఇంటికి సగం భయం లేదు. తిరగలేదా, ఈ మాటలన్నీ మీ కోసమే.

నా చేతిలో ఉన్నది చూడండి, ఇది గేట్ వాల్వ్. ఇత్తడిది, పైన గుండ్రటి చక్రం ఉంటుంది. పాత ఇళ్లన్నిటిలో ఇదే. లోపల చిన్న పలక ఒకటి కిందికి దిగి నీళ్లని ఆపుతుంది. ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోకపోతే ఆ పలక కదిలే దారిలో బోరు నీళ్ల తెల్ల పాచి గట్టిపడిపోతుంది. తీరా అవసరం వచ్చిన రోజున చక్రం తిరగదు. అప్పుడు చాలామంది ఏం చేస్తారంటే, పైపు పానా పెట్టి బలంగా తిప్పుతారు. లోపలి కాడ పుటుక్కున విరుగుతుంది. చక్రం గిరగిరా తిరుగుతుంది, నీళ్లు మాత్రం ఆగవు. అలా చెయ్యకండి. రెండు నెలలకోసారి పూర్తిగా మూసి, పూర్తిగా విప్పి, చివర్లో పావు చుట్టు వెనక్కి తిప్పి వదలండి. అంతే పని. ఇప్పటికే బిగిసిపోయిందంటే, ట్యాంకు ఖాళీ అయిన రోజు చూసి మేస్త్రీని పిలిచి బాల్ వాల్వ్ వేయించుకోండి. ఇదిగో, ఇలా పిడి ఉంటుంది. పావు చుట్టు తిప్పితే మూత పడిపోతుంది. పిడి పైపు వరసలో ఉంటే తెరిచినట్టు, పైపుకి అడ్డంగా ఉంటే మూసినట్టు. చీకట్లో తడిమినా తెలుస్తుంది.

దీని మీద ఇంత సేపు ఎందుకు చెప్తున్నానంటే, రాజాం వైపు ఒక ఊళ్లో జరిగింది నేను మర్చిపోలేను. ఊరి పేరు, ఇంటి పేరు చెప్పను. పెద్దాయన, ఆవిడ, ఇద్దరే ఉంటారు. కొడుకులు ఒకాయన చెన్నైలో, ఒకాయన హైదరాబాద్‌లో. మన జిల్లాల్లో వీధికి నాలుగు ఇళ్లు ఇలాంటివే కదండీ. రాత్రి రెండు గంటలప్పుడు వాష్ బేసిన్ కింద ఉండే కనెక్షన్ పైపు, అదే జడలా అల్లినట్టు ఉంటుంది చూడండి, అది నట్టు దగ్గర తెగిపోయింది. అంతకు ముందు సాయంత్రమే 1000 లీటర్ల ట్యాంకు నిండా ఎక్కించారు. బేసిన్ కింద యాంగిల్ కాక్ తిప్పబోతే తుప్పు పట్టి తిరగలేదు. పెద్దాయన టార్చ్ పట్టుకొని మేడెక్కారు. అక్కడా గేట్ వాల్వ్ తిరగలేదు. ట్యాంకంతా ఇంట్లోకే దిగింది. బియ్యం బస్తాలు, మంచం కింద ట్రంకు పెట్టె తడిస్తే తడిశాయి, అవి మళ్లీ వస్తాయి. కానీ మామ్మగారు ఆ నీళ్లలో పరుపు జరపబోయి జారి పడ్డారు. తుంటి ఎముక విరిగింది. తెల్లారి నేను వెళ్లేసరికి ఆవిణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్లిపోయారు. పెద్దాయన అరుగు మీద కూర్చుని నాతో అన్న మాట ఒక్కటే: "బాబూ, ఆ చక్రం తిరిగుంటే సరిపోను కదా." తెగిన పైపు ఖరీదు 150 రూపాయలు.

అందుకే ఆ కనెక్షన్ పైపుల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. బేసిన్ కింద, కమోడ్ ట్యాంకు పక్కన, గీజరు దగ్గర ఇవి ఉంటాయి. పైన మెరుస్తూ కనబడుతుంది కానీ లోపల ఉన్నది రబ్బరు గొట్టమే. నట్టు చుట్టూ తుప్పు చార, పచ్చటి మరక, అల్లికలో ఒక తీగ లేచి ఉండడం, ఇవి కనబడితే ఆ రోజే మార్చండి. ఏమీ కనబడకపోయినా ఐదేళ్లు దాటితే మార్చేయడం మేలు. దాని వెనకున్న యాంగిల్ కాక్‌ని కూడా మెయిన్ వాల్వ్‌తో పాటు రెండు నెలలకోసారి తిప్పుతూ ఉండండి.

ఇప్పుడు కారే కుళాయి. "ఒక్కో చుక్కే కదా" అంటారు. లెక్క చూడండి. సెకనుకి ఒక చుక్క పడితే రోజుకి 86,400 చుక్కలు. చుక్క పావు మిల్లీలీటరు అనుకుంటే రోజుకి 21 లీటర్లు, అంటే పెద్ద బకెట్టు నిండా. నెలకి 600 లీటర్లు పైన. నా లెక్క నమ్మకపోతే రాత్రి పడుకునే ముందు కుళాయి కింద గిన్నె పెట్టి పొద్దున్న కొలవండి. ఆ నీళ్లన్నీ మీ మోటారు, మీ కరెంటు పైకి ఎక్కించినవే. అంతకంటే ముఖ్యం, నీళ్లు ఎప్పుడూ పడుతున్న చోట గచ్చు నానుతుంది.

పాత రకం కుళాయి, నాలుగైదు చుట్లు తిరిగేది అయితే లోపల వాషర్ పోయింది అనుకోండి. వాల్వ్ కట్టి, పైన బిగింపు విప్పి వాషర్ మార్చితే అయిపోతుంది. పావు చుట్టో, అర చుట్టో తిరిగే కొత్త రకం అయితే లోపల వాషర్ ఉండదు, కార్ట్రిడ్జ్ ఉంటుంది. దాన్ని ఎంత బలంగా బిగించినా కారడం ఆగదు, పైగా పిడి విరుగుతుంది. పాత కార్ట్రిడ్జ్ విప్పి, చేత్తో పట్టుకుని షాపుకి వెళ్లి, అలాంటిదే తెచ్చుకోండి. కొలత కంటితో చూసి కొనకండి, ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది.

మన నీళ్ల గురించి ఒక మాట. విజయనగరం టౌన్‌కి నెల్లిమర్ల, ముషిడిపల్లి వైపు నుంచి ఏటి నీళ్లు వస్తాయి. సిక్కోలుకి నాగావళి ఉంది. ఉద్దానం ఊళ్లకి హిరమండలం దగ్గర వంశధార రిజర్వాయర్ నుంచి పైపుల్లో నీళ్లిచ్చే పథకం 2023 డిసెంబరులో మొదలైంది. ఏటి నీళ్లు పైపులకి మెత్తన. అయితే ఆ నీళ్లు చాలని ఇళ్లల్లో వాడకానికి బోరే. బోరు నీళ్లలో సున్నపు గుణం ఎక్కువగా ఉంటే కుళాయి మూతికి తెల్ల పెచ్చు కడుతుంది. తాగే నీళ్లకి మన దేశంలో పెట్టుకున్న ప్రమాణంలో కాఠిన్యం లీటరుకి 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దారి లేనప్పుడు 600 వరకు ఒప్పుకుంటారు. మీ బోరు నీళ్లని ఒకసారి పరీక్ష చేయించుకుంటే పైపులకి ఏం జరగబోతోందో ముందే తెలుస్తుంది.

షవర్, కుళాయి మూతి దగ్గరుండే జల్లెడ మూడు నెలలకోసారి విప్పి, రాత్రంతా నిమ్మరసంలోనో, వెనిగర్‌లోనో నానబెట్టి, పొద్దున్న పాత పళ్ల బ్రష్షుతో తోమండి. నీళ్లు మళ్లీ ధారగా వస్తాయి. "ప్రెషర్ తగ్గిపోయింది, మోటారు పెట్టండి" అని నన్ను పిలిచిన ఇళ్లలో సగం ఈ జల్లెడ కథే. ఇంకొకటి గట్టిగా చెప్తున్నాను: బాత్రూం యాసిడ్‌ని బ్లీచింగ్ పౌడర్‌తో ఎప్పుడూ కలపకండి. క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. తలుపు మూసిన చిన్న బాత్రూంలో అది ప్రాణం మీదకి తెస్తుంది.

గీజరుకి ఈ సున్నం పెద్ద శత్రువు. లోపల కాయిల్‌కి పెచ్చు కడితే వేడి నీళ్లకి అందదు, కరెంటు కాలుతుంది, చివరికి కాయిల్ పోతుంది. లోపల మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది, దాన్ని యానోడ్ రాడ్ అంటారు. తుప్పు గీజరు డబ్బాని తినకుండా అది తనే అరిగిపోతుంది. అది అరిగిపోయాక డబ్బాకి చిల్లు పడుతుంది. బోరు నీళ్లున్న ఇంట్లో ఏడాదికోసారి మెకానిక్‌ని పిలిచి కాయిల్ శుభ్రం చేయించి, రాడ్ చూపించండి. కొత్త గీజరు ధరతో పోలిస్తే అదేమంత ఖర్చు కాదు. సేఫ్టీ వాల్వ్ దగ్గర నీళ్లు కారుతున్నాయని అక్కడ బిరడా కొట్టకండి. లోపల ఒత్తిడి ఎక్కువైతే బయటికి పోయే దారి అదొక్కటే. ఇది కరెంటుతో పని కాబట్టి మీరు విప్పొద్దు.

ఇక కంటికి కనబడని కారుడు. ఇల్లుని తినేసేది ఇదే. గోడలో పైపు చిన్నగా చెమరుస్తుంటే, ముందు రంగు ఉబ్బుతుంది, తర్వాత ఉప్పు పూసినట్టు తెల్లగా వస్తుంది, తర్వాత పెచ్చులు రాలతాయి. పైన బాత్రూం ఉంటే కింద గది శ్లాబులో ఇనుము తడుస్తుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి కాంక్రీటుని పగలగొడుతుంది. శ్లాబు కింద పెచ్చు ఊడి ఊచ కనబడిందంటే అది ప్లంబరు పని దాటి తాపీ మేస్త్రీ పనైపోయింది. టైల్స్ పగలగొట్టి, వాటర్ ప్రూఫింగ్ చేసి, మళ్లీ టైల్స్ వేయాలంటే వేలల్లో మొదలై లక్ష దగ్గరకి వెళ్లిన ఇళ్లు చూశాను.

దీనికి పైసా ఖర్చు లేని పరీక్ష ఉంది. రాత్రి అందరూ పడుకునే ముందు ట్యాంకులో నీళ్ల మట్టం దగ్గర కర్ర పెట్టి గుర్తు గీయండి. మోటారు వేయొద్దు, కుళాయి ఎవరూ విప్పొద్దు. పొద్దున్న లేవగానే చూడండి. మట్టం దిగితే ఎక్కడో పోతోంది. మర్నాడు రాత్రి అదే పరీక్ష మెయిన్ వాల్వ్ కట్టేసి చేయండి. అప్పుడూ దిగితే లోపం ట్యాంకుదో, వాల్వ్‌దో. దిగకపోతే లోపం ఇంటి పైపుల్లో. మేస్త్రీకి ఇది చెప్పగలిగితే అతను గోడంతా కొట్టక్కర్లేదు.

ఆ కారుడుకి ఎక్కువసార్లు దొరికే దొంగ కమోడ్ ట్యాంకు. దాంట్లో కొంచెం నీలిమందు కలపండి, బట్టలకి పెట్టేదే. అరగంట ఫ్లష్ చేయకుండా ఉండండి. కింద కమోడ్‌లోకి నీలం దిగిందా, లోపల రబ్బరు పోయినట్టు. చప్పుడు లేకుండా రోజంతా కారుతూనే ఉంటుంది.

మోటారు దగ్గరకి వద్దాం. స్విచ్ బోర్డు పక్కన గోడ మీద పెన్సిల్‌తో రాసుకోండి: ట్యాంకు ఎన్ని నిమిషాల్లో నిండింది, ఏ తారీఖున. ప్రతి రెండు నెలలకీ ఒక అంకె. 25 నిమిషాల్లో నిండేది 40 అయిందంటే బోరులో నీరు తగ్గిందో, పైపు కారుతోందో, మోటారు లోపల అరిగిందో ఏదో ఒకటి. మోటారు కాలిపోయాక తెలుసుకోవడం కంటే ఇది నయం కదా. నుయ్యి మీద మోటారు ఉన్నవాళ్లకి ఫుట్ వాల్వ్ ముఖ్యం. ప్రతిసారీ చెంబుతో నీళ్లు పోసి ఎత్తాల్సి వస్తోందంటే ఫుట్ వాల్వ్‌లో ఆకో, పుల్లో, ఇసకో ఇరుక్కుంది, లేదా రబ్బరు పోయింది. నీళ్లు రాకుండా మోటారు వట్టిగా తిరిగితే సీలు కాలుతుంది. ఆ బిల్లు చూసి బాధపడే బదులు ఫుట్ వాల్వ్ తీయించి కడిగించండి.

ఒక విషయంలో కొంచెం కటువుగా మాట్లాడతాను. మున్సిపల్ కుళాయికి నేరుగా మోటారు తగిలించేవాళ్లున్నారు. మన ఊళ్లలో నీళ్లు 24 గంటలూ రావు. రాని వేళల్లో పైపు ఖాళీగా ఉంటుంది. వీధి కాలవ పక్క నుంచే ఆ పైపు వెళ్తుంది. ఎక్కడైనా చిన్న చిల్లు ఉంటే, మోటారు లాగినప్పుడు ఆ కాలవ నీళ్లే లోపలికి వస్తాయి. మీ ఇంటికే కాదు, పక్కింటికి కూడా. 2024 అక్టోబరులో మన గుర్ల మండలంలో అతిసారం వచ్చి ప్రాణాలు పోయాయి. ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ ఊరికి వచ్చి చూసి వెళ్లారు. అప్పుడు అందరి అనుమానం తాగే నీళ్ల మీదకే వెళ్లింది. కాబట్టి మెయిన్ నుంచి మీ ఇంటికొచ్చే పైపు కాలవలో మునిగి ఉంటే దాన్ని పైకి లేపించండి. గుమ్మం ముందు మట్టి ఎప్పుడూ తడిగా ఉంటే తవ్వించి చూడండి. నీళ్లు రాగానే మొదటి రెండు బకెట్లు మొక్కలకి పోయండి. ఇక్కడ బద్ధకం పనికిరాదు, చిన్నపిల్లలున్న ఇళ్లలో మరీను.

ట్యాంకుకి మూత గట్టిగా ఉందా చూడండి. డెంగీ దోమ శుభ్రమైన నీళ్లలోనే గుడ్లు పెడుతుంది, గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. ట్యాంకు, గోలెం గోడలకి అంటుకున్న గుడ్లు ఎండిపోయినా చావవు. అందుకే ఖాళీ చేస్తే సరిపోదు, గోడలు తోమాలి. మూడు నెలలకోసారి కడగండి. కడిగి నింపాక 1000 లీటర్లకి సుమారు 2.5 గ్రాముల బ్లీచింగ్, అంటే అర టీ స్పూను, బకెట్టు నీళ్లలో కలిపి, ముద్ద కిందికి దిగాక పైన తేటని పోసి అరగంట ఆగి వాడుకోండి. ఎప్పుడో తెరిచిపెట్టిన బ్లీచింగ్ పొట్లాంలో శక్తి ఉండదు, కొత్తది తెచ్చుకోండి.

తుపాన్ల దేశం మనది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తిత్లీ. తిత్లీ తర్వాత ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు, మోటార్లు లేవు, తాగడానికి నీళ్ల కోసం జనం అల్లాడిపోయారు. తుపాను కబురు రాగానే ట్యాంకు నింపేయండి. ఒకటి, నీళ్లుంటాయి. రెండు, నిండిన 1000 లీటర్ల ట్యాంకు టన్ను బరువు, గాలి దాన్ని లేపలేదు. ఖాళీ ట్యాంకు గాలికి ఎగిరిపోతూ కిందికి దిగే పైపుని కూడా పీక్కుపోతుంది. తాడు కట్టి ఉంచితే ఇంకా మంచిది. ఎండకి తెల్ల పైపు పెళుసెక్కుతుంది, మేడ మీద పైపులకి ఏదో ఒక రంగు వేయించండి. కళింగపట్నం, భావనపాడు, ఇటు చింతపల్లి వైపు ఉప్పు గాలికి ఇనప క్లాంపులు త్వరగా పోతాయి. పైపు గోడకి వేలాడుతోందంటే క్లాంపు మార్చే సమయం వచ్చినట్టే.

మురుగు పైపులకి రెండే మాటలు. సింకులో వాడిన నూనె, అన్నం ముద్దలు పోయకండి. సింకు కింద సీసాలాంటి ట్రాప్ నెలకోసారి బకెట్టు పెట్టి విప్పి కడగండి, దానికి పానా కూడా అక్కర్లేదు. పెరట్లో కొబ్బరిచెట్టు ఉన్నవాళ్లు ఛాంబర్ మూత తీసి ఏడాదికోసారి చూడండి. పాత మట్టి పైపుల అతుకుల్లోంచి వేళ్లు జడలా దిగుతాయి.

ఇవన్నీ ఎప్పుడు చెయ్యాలంటే, నేను రెండు రోజులు చెప్తాను. ఒకటి దసరా ముందు. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి ఎలాగూ చుట్టాలొస్తారు, తుపాన్ల కాలం కూడా అదే. రెండోది సంక్రాంతి సున్నాల ముందు, ఎందుకంటే రంగులు వేశాక గోడలో కారుడు బయటపడితే రెండు ఖర్చులు.

సంక్రాంతికి ఊరొచ్చే కొడుకులకి, అల్లుళ్లకి ఒక పని పెడుతున్నాను. తిరిగి బండెక్కే ముందు అమ్మా నాన్నల ఇంట్లో ప్రతి వాల్వ్, ప్రతి యాంగిల్ కాక్ మీ చేత్తో తిప్పండి. తర్వాత వాళ్ల చేత తిప్పించండి. మీ చేతికి తిరిగితే సరిపోదు, 70 ఏళ్ల చేతికి తిరగాలి. మేడ ఎక్కలేనివాళ్లయితే మెయిన్ వాల్వ్ ఒకటి కింద, మనిషి నడుం ఎత్తులో వేయించండి. దానికో ఎర్ర గుడ్డ కట్టండి. మేస్త్రీ నంబరు స్విచ్ బోర్డు దగ్గర పెద్ద అంకెలతో రాయండి.

ఇల్లు తాళం వేసి వెళ్లేవాళ్లయితే మెయిన్ వాల్వ్ కట్టి, ఒక కుళాయి విప్పి పైపులో నీళ్లు వదిలేసి, మళ్లీ కట్టండి. గీజరు, మోటారు స్విచ్‌లు ఆపండి. బాత్రూం నహానీ ట్రాపుల్లో చెంబుడు నీళ్లు పోసి, పైన ఒక చెంచా కొబ్బరినూనె వేయండి. నూనె పొర ఉంటే నీళ్లు త్వరగా ఆరవు, బొద్దింకలు, కంపు పైకి రావు.

వచ్చే ఎపిసోడ్‌లో సెప్టిక్ ట్యాంకు సంగతి చూద్దాం. ఉంటానండీ.